నాన్నగారి ఆబ్దికం ప్రతి ఏడూ గుర్తుచేసేలా గూగుల్ క్యాలెండర్‌లో ఎలా పెట్టుకోవాలి?

ముందు ఒక్కటి చెప్తానండీ, రిపీట్‌లో యాన్యువల్లీ అని ఉంటుంది చూడండి, దాని జోలికి పోకండి. అది తారీఖుని పట్టుకుని తిరుగుతుంది, ఆబ్దికం తిథిని బట్టి వస్తుంది. ఈ రెండూ దాదాపు కలిసేది పంతొమ్మిదేళ్ళకోసారి.

మాది విజయవాడ సత్యనారాయణపురం. నాన్న పోయింది శ్రావణ బహుళ పంచమి, 2021లో అది ఆగస్టు 27. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అన్నయ్య అప్పుడే ఫోన్లో ఆగస్టు 27, యాన్యువల్లీ అని కొట్టేసి చుట్టాలందరికీ ఇన్వైట్లు కూడా పంపించాడు. మా బాబాయి దానికి మేబీ అని నొక్కాడు, అది వేరే కథ. మొదటి ఏడు నెలనెలా మాసికాలు పెడుతూనే ఉన్నాం కాబట్టి పురోహితుడు గారే చెప్పారు, ఆగస్టు 16న సవ్యంగా జరిగిపోయింది. 2023లో మాత్రం మావాడు ఎవర్నీ అడగలేదు, ఫోన్ మోగింది, టికెట్ బుక్ చేశాడు, ఆదివారం పొద్దున్నే బస్టాండ్‌లో దిగి చంకలో అరిటాకుల కట్టతో సహా గుమ్మంలోకి వచ్చి నుంచున్నాడు. అమ్మ వాకిట్లో ముగ్గేస్తోంది. "ఏకాదశి పూట ఈ ఆకులేంట్రా, ఇంకా పౌర్ణమే రాలేదు" అంది. వాడు ఫోన్ తీసి "ఇదిగో ఇందులో ఇవాళే ఉందమ్మా" అంటాడు. "దానికి అధికమాసం వచ్చిందని నువ్వు చెప్పావా?" అంది అమ్మ. మళ్ళీ సెప్టెంబరు 4న రావాల్సొచ్చింది, సోమవారం, మేనేజర్‌ని బతిమాలుకుని. ఆ ఆకుల్లో రెండు రోజులు మేమే భోంచేశాం.

లెక్క ఏంటంటే చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే, అందుకని తిథులు ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతాయి, రెండు మూడేళ్ళకోసారి అధికమాసం వచ్చి ఒక్కసారిగా ముందుకి తోస్తుంది. ఉగాదే చూడండి, 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. దీనికి ఏ రిపీట్ సెట్టింగు సరిపోతుంది చెప్పండి? కస్టమ్‌లోకెళ్ళి 354 రోజులకోసారి అని పెట్టే మేధావులు కూడా ఉన్నారు, వాళ్ళకి అధికమాసం రాగానే తెలిసొస్తుంది.

నేను చేసేది ఇదీ. రిపీట్ పెట్టేది ఒకే ఒక్కదానికి, మార్చి 10న "కొత్త పంచాంగం కొనాలి, తేదీలు ఎక్కించాలి" అని. అది యాన్యువల్లీ పెట్టినా ఇబ్బంది లేదు, ఉగాది దాని తర్వాతే వస్తుంది. పంచాంగం రాగానే పురోహితుడు గారి దగ్గర కూర్చుని నాన్నది, తాతయ్యది, మామ్మది ఆ ఏటి తేదీలు అడిగి విడివిడిగా ఎక్కిస్తాను, డజ్ నాట్ రిపీట్ అని. వారం ముందొకటి, రెండు రోజుల ముందొకటి నోటిఫికేషన్. ఆల్ డే టిక్కు మర్చిపోకండి, పొద్దున ఎనిమిది అని టైం పెడితే డాలస్‌లో మా చెల్లికి ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకి కనపడుతుంది. మాసం, పక్షం, తిథి మూడూ డిస్క్రిప్షన్‌లో రాయండి, రేపు మీ పిల్లలకి తారీఖు ఒక్కటే తెలిస్తే ఏం చేసుకుంటారు?

గోడమీద క్యాలెండర్ చూసి మీరే పెట్టేసుకుందాం అనుకోకండి. అందులో మామూలుగా ఉండేది సూర్యోదయానికి ఉన్న తిథి, ఆబ్దికానికి చూసేది అపరాహ్నానికి, అంటే మధ్యాహ్నం దాటాక ఉన్న తిథి, ఒక్కోసారి రోజు తేడా వస్తుంది. అయినా ఇప్పుడు క్యాలెండర్లు ఎవడిస్తున్నాడండీ, ఇదివరకు కిరాణా కొట్టువాడు కూడా పిలిచి ఇచ్చేవాడు. ఇప్పుడు బంగారం కొట్లో ఇచ్చినా సగం కాగితం నెక్లెస్ బొమ్మకే పోతుంది, తిథి చూడాలంటే భూతద్దం కావాలి. యాప్‌లో చూద్దామంటే తిథి కిందే లోన్ కావాలా అని అడుగుతుంది.

యాన్యువల్లీ అసలు పనికిరాదని కాదు. పుట్టినరోజులు, ఇన్సూరెన్స్ ప్రీమియం, ఇంటి పన్ను (ఏప్రిల్ 30 లోపు ఏడాదిది మొత్తం కడితే 5 శాతం రిబేటు), వీటికి బ్రహ్మాండం. ఫిబ్రవరి 29న పుట్టినవాళ్ళు ఇంట్లో ఉంటే మాత్రం 28నో మార్చి 1నో పెట్టండి, లేకపోతే లీపు సంవత్సరంలోనే కనపడుతుంది. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్ ఏటా జనవరి రెండో ఆదివారం, దానికి యాన్యువల్లీ కుదరదు. కస్టమ్‌లో మంత్ ఎంచుకుని 12 నెలలకోసారి, రెండో ఆదివారం అని పెట్టాలి. పెట్టాను, సరిగ్గానే మోగుతోంది, మీటింగ్‌కి వచ్చేవాళ్ళే లేరు.