‘అవసరమైతే పొట్ట కోస్తాం’ అంటే భయపడాలా?

ప్రశ్న: నా భార్య వయసు 48. రాత్రి భోజనమయ్యాక కుడి డొక్కలో పుట్టిన నొప్పి వీపు మీదుగా భుజం దాకా పాకి, రెండు మూడు గంటలు మెలిపెట్టింది. ఇలా రెండుసార్లు జరిగింది. స్కానింగులో పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. నెల్లూరులో డాక్టరు గారు లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా ఆపరేషన్) చేస్తామంటూనే, అవసరమైతే పొట్ట కోయడానికీ సంతకం పెట్టమంటున్నారు. కందుకూరులో మా వదిన గారికి ఇదే ఆపరేషన్ అయినా కడుపుబ్బరం పోలేదు. మేము చేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీరు రాసిన నొప్పి తీరు రాళ్ల వల్ల వచ్చేదే అనిపిస్తోంది కనుక, ఆపరేషన్‌తో అది పోయే అవకాశం ఎక్కువ. కడుపుబ్బరం, తేన్పులు మాత్రం రాళ్లు లేనివారికీ ఉంటాయి కాబట్టి, పిత్తాశయం తీసేసినా కొందరిలో అలాగే మిగిలిపోతాయి. మీ భార్య బాధల్లో ఏవి తగ్గుతాయో, ఏవి తగ్గకపోవచ్చో సర్జన్‌ను ముందే అడగండి.

ఇక సంతకం సంగతి. పిత్తాశయం నుంచి వచ్చే సన్నని నాళాన్ని, దాని రక్తనాళాన్ని స్పష్టంగా గుర్తించాకే క్లిప్పులు వేసి కత్తిరించాలి. పలుమార్లు వాచిన పిత్తాశయం చుట్టుపక్కల భాగాలకు అతుక్కుపోయినప్పుడు, కాలేయం నుంచి పేగుకు పైత్యరసాన్ని చేరవేసే ప్రధాన నాళాన్నే ఆ సన్నని నాళంగా పొరబడే ప్రమాదం ఉంది. దానికి గాయమైతే మరో పెద్ద ఆపరేషన్ అవసరం కావచ్చు. అది అరుదు, సాధారణంగా 1000 మందిలో 5గురికి మించదు. ఆ పొరపాటు జరగకూడదనే, లోపల స్పష్టత లేనప్పుడు సర్జన్ పొట్ట కోసి చూస్తారు. సుమారు 100కు 5గురిలో ఇలా జరుగుతుంది. దీన్ని వైఫల్యంగా కాక, వివేకంగానే నేను చూస్తాను. ‘ఎన్నడూ పొట్ట కోయవలసి రాదు’ అని మాట ఇచ్చే సర్జన్ కన్నా, సంతకం అడిగిన సర్జన్ మీదే నాకు నమ్మకం ఎక్కువ.

చిన్న రంధ్రాలతోనే పూర్తయితే చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికెళ్లి, ఒకటి రెండు వారాల్లో పనుల్లో పడతారు. పొట్ట కోస్తే 4 నుంచి 6 వారాలు పడుతుంది. పొట్టలోకి పంపే గ్యాస్ వల్ల రెండు మూడు రోజులు భుజం లాగడం మామూలే. చేపల పులుసు గురించి మీరు అడగలేదు గానీ, మీ వైపు ఉత్తరాల్లో ఆ ప్రశ్న తప్పదు: కొవ్వును అరిగించే పైత్యరసం కాలేయంలోనే తయారవుతుంది కనుక శాశ్వతంగా మానక్కర్లేదు, మొదట్లో నూనె తగ్గిస్తే చాలు. కొందరికి విరేచనాలు పలచబడతాయి.

ఇంటికి వచ్చాక కళ్లు పచ్చబడినా, చలిజ్వరం వచ్చినా, నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా కావలిలో మందుల షాపు మాత్రలతో కాలయాపన చేయకుండా, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెంటనే వెళ్లండి.