పెద్దనాన్నగారి రోలర్ల వాషింగ్ మెషీన్‌కి ధర ఎంత కట్టాలి?

మీరు అడిగింది ఇదీ: విజయనగరం కంటోన్మెంట్‌లో మీ పెద్దనాన్నగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే మెట్ల కింద రెండు మెషీన్లు బయటపడ్డాయి. ఒకటి గుండ్రటి తెల్ల తొట్టి, పైన బట్టల్ని పిండే రెండు రబ్బరు రోలర్లు ఉన్న మేటాగ్ వాషింగ్ మెషీన్. రెండోది అమెరికా నుంచి తెచ్చిన డ్రైయర్. పాత ఇనుము కొనే అతను రెండింటికీ కలిపి రెండు వేలు ఇస్తానన్నాడు. నెట్‌లో చూస్తే అలాంటిదే లక్షన్నర అని ఉంది. ఏది నమ్మాలి, అమ్మాలా ఉంచాలా అని.

రెండూ నమ్మకండి. రెండు వేలు ఇనుము ధర. లక్షన్నర ఎవరో అడుగుతున్న ధర. అడగడానికేముంది, ఎంతైనా అడగొచ్చు.

మిగతాది చదివేముందు ఒక పని చెయ్యండి. ఆ రోలర్లను దగ్గరకు నొక్కి ఉంచే బిగింపు ఒకటి పైభాగంలో ఉంటుంది. దాన్ని వదులు చేసి, రెండు రోలర్ల మధ్య వేలెడు సందు వచ్చేలా చూడండి. ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉంటే ఆనుకున్నచోట రబ్బరు చదునుగా అణిగిపోతుంది. తర్వాత తిప్పితే ప్రతి చుట్టుకీ ఒకసారి టక్కుమంటుంది. ఇప్పటికే అణిగిపోయి ఉంటే బెంగ పడకండి. ప్రింటింగ్ ప్రెస్సు రోలర్లకు రబ్బరు ఎక్కించేవాళ్లు విశాఖలో ఉన్నారు, వాళ్లు వీటికీ ఎక్కిస్తారు. నేను రెండు జతలు చేయించాను. ఇరుసు అరిగితే మాత్రం లేత్ పని తెలిసిన టర్నర్ దగ్గరికి వెళ్లాలి.

నేను శ్రీకాకుళంలో ఇరవై ఆరేళ్లుగా ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు బాగుచేస్తున్నాను. పాతవి పోగేసే పిచ్చి మొదలై పదిహేనేళ్లయింది. సోంపేట వైపు ఒక ఇంటికి ఫ్రిజ్ రిపేరుకి వెళ్తే, పశువుల పాకలో గేదె స్టీలు డ్రమ్ములో కుడితి తాగుతోంది. డ్రమ్ముకి చుట్టూ కన్నాలు, కన్నాలకి సిమెంటు పూత. ఆ ఇంటాయన ఓడల్లో పనిచేసి రిటైరైనవాడు, విదేశాల నుంచి తెచ్చుకున్న వాషింగ్ మెషీన్ డ్రమ్ము అది. మిగతా మెషీనంతా గడ్డివాము వెనక పడి ఉంది, మోటారుతో సహా. నాలుగు వందలిచ్చి తెచ్చుకున్నాను. డ్రమ్ము మాత్రం గేదెకే వదిలేశాను. ఇప్పుడు రేకుల షెడ్డులో పదకొండు ఉన్నాయి. మా ఆవిడ లెక్క ప్రకారం పదకొండూ ఎక్కువే.

అసలు విషయం. వయసును బట్టి ధర రాదు. మెషీన్ ఎంత నిండుగా ఉంది, ఎంత మొదటి రూపంలో ఉంది అన్నదాన్ని బట్టి వస్తుంది. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

2014లో బొబ్బిలి దగ్గర ఒక పాత బంగళాలో మీదిలాంటిదే దొరికింది. ఆరు వేలకు కొన్నాను. తొట్టి మీద ఎనామిల్ అక్కడక్కడ పెచ్చులూడింది, కాళ్లకు తుప్పు. చూడముచ్చటగా ఉండాలని తెలిసిన కారు పెయింటింగ్ షెడ్డులో ఇచ్చి తెల్లరంగు కొట్టించాను. పనిలో పనిగా నేమ్ ప్లేటు కూడా విప్పి ఇచ్చాను. ఆ కుర్రాడు దాన్ని బఫింగ్ చక్రం మీద పెట్టేసరికి సీరియల్ నంబరులో సగం అంకెలు అరిగిపోయాయి. అప్పుడు నాకేమీ అనిపించలేదు, మెరుస్తోంది కదా అనుకున్నాను. హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోటోలు చూసి ఫోన్లో ముప్పై వేలన్నారు. పాపం అంత దూరం వచ్చారు. మెషీన్ చుట్టూ రెండుసార్లు తిరిగి, చతికిలబడి కూర్చుని, తొట్టి అడుగున బోల్టు పక్కన బొటనవేలి గోరుతో గీకారు. రంగు నిమ్మతొక్కలా లేచి వచ్చింది. కింద అసలు ఎనామిల్, కాస్త పసుపెక్కి, శుభ్రంగా ఉంది. "దీన్నెందుకు కప్పేశారండీ" అన్నారు. తర్వాత నేమ్ ప్లేటు చూసి ఇంకేమీ అనలేదు. పదకొండు వేలిచ్చి తీసుకెళ్లారు, అదీ వ్యాను కట్టించుకుని వచ్చారు కాబట్టి.

కాబట్టి మీదానికి రంగు వెయ్యకండి. గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. నేమ్ ప్లేటుకి చింతపండు, పీతాంబరీ తగలనివ్వకండి. తర్వాత మూత ఉందా, తొట్టి మధ్యలో రెక్కలున్న ఎజిటేటర్ ఉందా, రోలర్లను ఆపే సేఫ్టీ మీట కదులుతోందా, కాళ్ల కింద చక్రాలు నాలుగూ ఉన్నాయా చూడండి. ఒక్క ఎజిటేటర్ లేకపోతే నేనైతే సగం ధర తగ్గిస్తాను, ఎందుకంటే అది ఇక్కడ దొరకదు. మీ పెద్దనాన్నగారి పాత కాగితాల్లో బిల్లు, కస్టమ్స్ రసీదు, వాడకం పుస్తకం ఏదైనా ఉంటే పారెయ్యకండి. మెషీన్ పక్కన పెద్దమ్మగారు నిలబడ్డ పాత ఫోటో ఉన్నా సరే. కొనేవాడికి కథ కావాలి, కథకి కాగితం కావాలి.

ఏ కాలందో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. మేటాగ్ కంపెనీ అమెరికాలో అయోవా రాష్ట్రంలోని న్యూటన్ ఊరిది. రోలర్ల మెషీన్ల తయారీని 1983లో ఆపేసింది. కంపెనీనే 2006లో వర్ల్‌పూల్ కొనేసింది. అంటే మీది ఎంత కొత్తదైనా 1983 దాటదు. అక్కడ అవి లక్షల్లో తయారయ్యాయి కాబట్టి అమెరికాలో అరుదైన వస్తువు కాదు. మన దగ్గర అరుదే, కానీ అరుదైనంత మాత్రాన కొనేవాడు ఉండాలని లేదు. తొట్టికి అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఎనామిల్ పూసిన ఇనుము. అంటుకోకుండా, తొట్టి నలుచదరంగా ఉంటే పోత అల్యూమినియంది. మీరు గుండ్రం అన్నారు కాబట్టి మొదటిదే అయ్యుంటుంది.

మన దేశంలో తయారైన వాటికి ఇంకో లెక్క. ప్లేటు మీద చిరునామా ఉండి పిన్ కోడ్ లేకపోతే ఆశగా చూస్తాను, ఎందుకంటే పిన్ కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. టీవీఎస్ వర్ల్‌పూల్ అని ఉంటే తొంభైల నడుముకి ముందుది. నేషనల్, మత్సుషితా అని ఉంటే 2008కి ముందుది, ఆ ఏడే కంపెనీ పేరు పానాసోనిక్‌గా మారింది.

ఇప్పుడు కరెంటు సంగతి. దయచేసి ప్లగ్గులో పెట్టి "తిరుగుతుందేమో చూద్దాం" అనకండి. అమెరికా మెషీన్ 120 వోల్టులది, మన గోడలో 230. పెట్టిన అరనిమిషంలో వైండింగ్, అంటే మోటారులోని తీగచుట్ట, కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత మీ దగ్గర ఉన్నది నిజంగానే రెండు వేల ఇనుము. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా ఇంకో చిక్కుంది. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, అంటే సెకనుకి 60 ఆవృత్తులు, ఇక్కడ 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది గానీ హెర్ట్జ్‌ని మార్చలేదు. మోటారు ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, వేడి ఎక్కువ పుడుతుంది. ఐదు నిమిషాలు తిప్పి చూపించడానికి ఫర్వాలేదు, రోజూ ఉతకడానికి పనికిరాదు.

నేను చేసేది ఇదీ. ముందు వైరు మొత్తం చూస్తాను. పాత రబ్బరు వైరు వంచితే బిస్కెట్టులా విరుగుతుంది, అలా విరిగితే మొదట దాన్నే మార్చాలి. తర్వాత మోటారును విడిగా తీసి, సిరీస్ బోర్డు మీద వంద వాట్ల బల్బు ద్వారా కరెంటిస్తాను. బల్బు భగ్గున పూర్తిగా వెలిగితే లోపల షార్టు ఉందని అనుమానం, అక్కడే ఆపేస్తాను. మసకగా వెలిగి మోటారు చిన్నగా మూలిగిందంటే ఆశ ఉన్నట్టే. ఆ మూలుగు కోసమే నేను ఇన్నేళ్లుగా ఈ పిచ్చిలో ఉన్నాను. కెపాసిటర్ ఉంటే మాత్రం తెరవకండి, చిల్లు పెట్టకండి. పాతవాటిలో పీసీబీ అనే విషపు నూనె ఉండొచ్చు, దాని తయారీని అమెరికా 1979లో నిషేధించింది.

ఇంట్లో పిల్లలుంటే ఇంకో మాట. నడుస్తున్న రోలర్లు చెయ్యి దొరికితే వదలవు. నేను మొదటిసారి నడిపినప్పుడు పాత చొక్కా పెట్టాను. మూడు బొత్తాలు వరసగా టప్ టప్ మని పగిలి షెడ్డు రేకుకి తగిలాయి. అప్పటి నుంచి తువ్వాళ్లే.

డ్రైయర్ విషయంలో మిమ్మల్ని నిరాశపరచాలి. మన వైపు డ్రైయర్ అంటే ట్విన్ టబ్‌లో పక్కనుండే స్పిన్ బుట్టే. వేడిగాలితో ఆరబెట్టే పెట్టెను చాలామంది చూసి కూడా ఉండరు. ఎండ ఉండగా దానికి కరెంటు బిల్లు ఎవరు కడతారు? వాయుగుండం పట్టిన నాలుగు రోజులు తప్ప దాని అవసరం రాదు. పైగా అమెరికా డ్రైయర్‌లో వేడి కాయిల్ 240 వోల్టులది, డ్రమ్ము తిప్పే మోటారు, టైమర్ 120 వోల్టులవి. తెలియక మొత్తానికీ 230 ఇచ్చి మోటారు కాల్చుకున్న ఇల్లు విజయనగరంలోనే ఒకటి చూశాను. సరిగ్గా కనెక్షన్ ఇచ్చినా 50 హెర్ట్జ్ మీద టైమర్ నెమ్మదిస్తుంది, గంటకి పెడితే 72 నిమిషాలు తీసుకుంటుంది. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, ఒకే రంగు వాషర్ డ్రైయర్ జతగా ఉంటే అమెరికాలో సేకరించేవాళ్లు ఇష్టపడతారు. రోలర్ల మెషీన్‌కి ఈ డ్రైయర్ జత కాదు. డ్రైయర్‌కి ఇనుము ధర వస్తే ఇచ్చెయ్యండి, తూకం మాత్రం మీ ముందు వెయ్యమనండి. పాత మోటార్లలో సాధారణంగా రాగి చుట్ట ఉంటుంది, పాత సామాన్ల వాళ్లకు అది బాగా తెలుసు. మోటారు విడిగా తూస్తే లెక్క మారుతుంది.

కొనేవాళ్లెవరు మరి? నా అనుభవంలో మూడు రకాలు. నాలాంటి పిచ్చివాళ్లు, వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. విశాఖ, భీమిలి వైపు పాతకాలం అలంకరణతో హోటళ్లు పెట్టేవాళ్లు, వీళ్లకి నడవక్కర్లేదు, ఫోటోలో బాగుండాలి. మూడోది సినిమా షూటింగుల ఆర్ట్ డిపార్టుమెంటు, వీళ్లు కొనరు, అద్దెకు అడుగుతారు. ఒక తొంభైల నాటి ట్విన్ టబ్‌ని రోజుకు పదిహేను వందల చొప్పున మూడు రోజులు ఇచ్చాను, మూత మీద టీ మరకతో తిరిగొచ్చింది. అదే మెషీన్ అమ్ముదామంటే మూడు వేలు దాటలేదు. నెట్‌లో ధర చూసేటప్పుడు అడిగిన ధరలు వదిలేసి అమ్ముడైనవి మాత్రమే వడకట్టి చూడండి, అప్పుడు లక్షన్నర చాలామటుకు కరిగిపోతుంది.

ఎవరైనా "ఇది యాంటిక్, పర్మిషన్ కావాలి, నేను చూసుకుంటా" అంటే నవ్వి పంపెయ్యండి. మన 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం ఇలాంటి వస్తువుకి కనీసం వందేళ్లు ఉండాలి. మీది ఆ వయసుది కాదు.

అన్నీ అమ్మకానికే అనుకోకండి. నా దగ్గర కరెంటుతో పనిలేని, చేత్తో తిప్పే రోలరు ఒకటుంది, పోత ఇనుప చట్రం మీద అక్మే అని ఉబ్బెత్తు అక్షరాలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక మందస వైపు మా అక్క ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఇళ్లల్లో దుప్పట్లు, చీరలు అన్నీ తడిసి ముద్దయ్యాయి, ముసురు వదల్లేదు. ఆటోలో ఈ రోలరు వేసుకెళ్లి వాళ్ల అరుగు మీద బల్లకి బిగించాను. మొదటి దుప్పటి దూర్చి తిప్పితే నీళ్లు బకెట్టులోకి ధారగా కారాయి. పక్కింటి ముసలమ్మ నడుం మీద చెయ్యేసుకుని చూసి, "ఒలమ్మా, ఇదేటి బాబూ, బట్టల్ని చెరుకు మిషన్లో ఎట్టేసావా!" అంది. సాయంత్రానికి అరుగు ముందు వరస కట్టారు. తిప్పడానికి కుర్రాళ్లు పోటీ పడ్డారు. మా అక్క అయితే ఆ రోలరు వెనక్కి పంపడానికి పేచీ పెట్టింది. తర్వాత ఒకాయన దానికి ఎనిమిది వేలిస్తానన్నాడు, ఇవ్వలేదు.

మీ మేటాగ్ విషయానికొస్తే, అన్ని భాగాలూ ఉండి, రంగు ముట్టకుండా, మోటారు కాలకుండా ఉంటే ఇరవై నుంచి ఇరవై ఐదు వేల వరకు అడగొచ్చు. నేనైతే పద్దెనిమిదికి తీసుకుంటాను, అంతకన్నా ఎక్కువిచ్చేవాడు దొరికితే వాడికే ఇవ్వండి, నాకు షెడ్డులో చోటు కూడా లేదు. ఎజిటేటర్ లేకపోతే తొమ్మిది. నేమ్ ప్లేటు, తొట్టి లోపలి అడుగు, రోలర్ల పక్కభాగం, మోటారు మీది అక్షరాలు, ఈ నాలుగు ఫోటోలు పగటి వెలుతురులో తీసి ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను. ఇంతకీ ఆ బిగింపు వదులు చేశారా?