పుస్తకం అక్కడనే చదవండి: పరకాల బిడ్డకు పెద్దబాపు రాసిన ఉత్తరం

హనుమకొండ

బిడ్డా,

పరకాల గ్రంథాలయంల పెద్దవాళ్ల కోసం ఒక పుస్తక బైఠక్ పెడతానని నువ్వు ఫోన్ల చెప్పినప్పటి నుంచి నా మనసు అక్కడనే ఉన్నది. ఏం చదవాలె, ఎవరిని పిలవాలె, ఎట్ల నడపాలె అని అడిగినవు. ఫోన్ల చెప్తే సగం గాలికి పోతది. అందుకే కూసొని రాస్తున్న. ఈ పనిల చాన ఏండ్లు తిరిగినోన్ని, నాకు తెలిసింది దాచుకోకుంట చెప్త.

అన్నిటికంటె ముందు మాట: ఇంటికాడ చదివి రమ్మని ఎవ్వరికీ చెప్పకు. అక్కడనే, అందరు కూసున్నంక, ఒకరు పైకి చదవాలె, మిగతావాళ్లు వినాలె. తర్వాతనే ముచ్చట. పట్నంల బైఠక్‌లల్ల నెల ముందు పుస్తకం పేరు చెప్పి, అందరు చదివి వచ్చి మాట్లాడుకుంటరు. అది వాళ్లకు నడుస్తది, నీకు నడవది. మీ గ్రంథాలయంల ఏ మంచి పుస్తకమైనా ఒకటే ప్రతి ఉంటది, ఎక్కువంటే రెండు. పదిమందికి ఎట్ల పంచుతవు? పైగా ఇంటిపని, పొలంపని, దుకాణం, పిల్లల చదువులు. చదవలేకపోయిన మనిషి సిగ్గుతోని ఆ వారం రాడు. ఒక వారం రానోడు ఇంకో వారం ఎట్లాగు రాడు. బైఠక్‌లు మూతపడేది ఎక్కువ ఇక్కడనే.

పైకి చదివితే ఇంకో లాభం ఉన్నది. చదువు రానోళ్లు, కండ్లు ఆననోళ్లు, బడి మానేసి అక్షరాలు సగం మరిచినోళ్లు, అందరు ఒకే వరుసల కూసుంటరు. మన దిక్కు ఇది కొత్తదేం కాదు. పోతన పుట్టిన బమ్మెర మనకు దగ్గర్నే ఉన్నది. ఆయన భాగవతాన్ని మన ఊర్లల్ల అక్షరం రానోళ్లు సుత పద్యాలు పద్యాలు నోటికి చెప్పేటోళ్లు. ఒకరు చదవంగ, పదిమంది వినంగనే వాళ్లకు వచ్చింది.

నేను చూసిన ఒక బైఠక్ ముచ్చట చెప్త. ఆర్టీసీల కండక్టర్‌గ చేసి రిటైరైన ఒకాయన కథ చదువుతున్నడు. వేలు అక్షరాల కింద పెట్టుకొని, ఒక్కో మాట కూడబలుక్కుంట, మెల్లగ. వెనుక కూసున్న కుర్రోడు తొందర పడుతున్నడు. గంతల బీడీలు చేసే ఒకామె, అప్పటిదాక నోరు తెరవనామె, "ఆగు అన్నా, ఆ మాట మల్లొకసారి చదువు" అన్నది. ఆయన మల్ల చదివిండు. కథల అత్త, కోడలి కంచంల అన్నం పెట్టుకుంట ఏం అనకుంట ఊకున్న చోటు అది. "ఆమె కోపం పోయింది, అందుకే ఊకున్నది" అన్నది బీడీలామె. పక్కనున్నామె "పోలేదు, దాచుకున్నది" అన్నది. ఆ రోజు మిగిలిన పొద్దంత ఆ ఒక్క వాక్యం మీదనే మాట్లాడుకున్నరు. కండక్టర్ గబగబ చదివి ఉంటే ఆ వాక్యం ఎవ్వరికీ చిక్కకపోవు. అందుకే మంచిగ చదివేటోళ్లతోనే చదివియ్యకు. అందరికీ వంతు పెట్టు, వద్దన్నోళ్లను మాత్రం బలవంతపెట్టకు.

ఇగ గ్రంథాలయం సంగతి. అక్కడికి అడుక్కోను పోతున్నట్టు పోకు. మన ఇంటిపన్నుల రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కింద పోతది. ఆ ఇల్లు మనది. అయితే గ్రంథపాలకుల కష్టం సుత తెలుసుకో. చాన చోట్ల ఒక్కరే రెండు మూడు గ్రంథాలయాలు చూసుకుంటరు. పేపర్లు వేసుడు, రిజిస్టర్ రాసుడు, తలుపు తీసుడు వేసుడు అన్నీ వాళ్ల మీదనే పడ్డయి. నీ బైఠక్‌తోని వాళ్లకు పని పెరగొద్దు. కుర్చీలు మీరే వేసుకొని మీరే సర్దిపెట్టండి, తాళం వేసే టైముకు ఒక నిమిషం ముందే లేవండి. కాగితం మీద దరఖాస్తు రాసి ఇయ్యి, ఒక నకలు జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి పంపు. నోటిమాటతోని మొదలుపెడితే, గ్రంథపాలకులు బదిలీ అయిన రోజు మీ బైఠక్ సుత బదిలీ అయితది.

మన గ్రంథాలయాలు మొదలైందే ఇట్ల నలుగురు కూసునేతందుకు. హైదరాబాద్‌ల శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901ల పెట్టిండ్రు, మూడేండ్లకు 1904ల మన హనుమకొండల రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. తెలుగుకు బడిల, కచేరిల చోటు లేని కాలం. తర్వాత నిజాం సర్కారు గస్తీ నిషాన్ 53 అనే హుకుం తెచ్చి, పర్మిషన్ లేకుంట సభ పెట్టొద్దన్నది. అసొంటి రోజుల్ల నలుగురు కూసొని మాట్లాడుకునే తావు అంటే గ్రంథాలయమే. రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి 1938ల పుస్తకాలు అచ్చేసే దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకొని ఊరూరు తిరిగి అమ్మిండు. ఇప్పుడు అంత కష్టం లేదు, బిల్డింగు ఉన్నది, కరెంటు ఉన్నది. మనుషులు కూసునుడే తక్కువైంది.

మీ గ్రంథాలయంల ఇప్పుడు కూసునేది ఎవరో నీకు తెలుసు. పొద్దుగాల పేపర్ కోసం వచ్చే పెద్దమనుషులు, పొద్దంత గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు, డీఎస్సీకి చదివే పిల్లలు. ఆ పిల్లలకు మాత్రం అడ్డం పోకు. వాళ్లు కొలువు కోసం ఇల్లు విడిచి వచ్చి, రూముల వండుకొని తిని చదువుతున్నరు. వాళ్ల హాల్ల మీరు గట్టిగ నవ్వితే వాళ్ల కడుపు మండుతది, అది న్యాయమే. వరండా ఉంటే వరండాల కూసోండి, లేకుంటే పేపర్ల గదిల, సాయంత్రం పూట. చాన చోట్ల శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచే ఉంటది. ఆదివారం సాయంత్రమే మీకు మంచిది. అయితే ఆ పిల్లలను పిలువు. తెలంగాణ చరిత్ర పేపర్ కోసం 1901, 1904 అని బిట్లు బిట్లుగ బట్టీ పడుతుంటరు గానీ, ఆ కాలం గురించి తీరుబడిగ చెప్పేటోళ్లు వాళ్లకు దొరకరు. ఒక గంట వచ్చి కూసుంటే వాళ్లకు సుత ఊపిరి తిరుగుతది.

ఏం చదవాలె? మొదటి ఆరు నెలలు కథలే. నవల జోలికి పోకు. అర్ధగంటల అయిపోయే కథ, ఆ రోజుదారోజే పూర్తికావాలె, పోయిన వారం రానోళ్లకు సుత ఈ వారం అర్థం కావాలె. దీపావళి దగ్గర పడ్డప్పుడు భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' చదవండి. 1902ల వచ్చిన కథ, పండుగ పూట పేదింట్ల వచ్చిన ధర్మసంకటం. నూరేండ్లు దాటినా మీ బైఠక్‌ల లొల్లి పెడతది చూడు. మన తెలంగాణ మాటల ఉన్న కథలు తప్పకుంట చదివియ్యి. "ఇది మా అమ్మ మాట్లాడినట్టే ఉన్నది" అని ఎవరన్నా అన్నరంటే, ఆ మనిషి మల్లొస్తరు. కావాల్సిన పుస్తకం లేకుంటే సూచనల రిజిస్టర్ల రాయండి, ఒక్కరు కాదు, నలుగురు రాయండి.

చదివినంక "ఈ కథ నీతి ఏంది" అని అడగొద్దు. అది బడి పరీక్ష ప్రశ్న, వినంగనే అందరి నోర్లు మూతపడ్తయి. "ఎవరి మీద కోపం వచ్చింది?", "నువ్వైతే ఏం చేసేదానివి?", "ఏ మాట మల్ల వినబుద్ధైతున్నది?" అని అడుగు. ప్రతి బైఠక్‌ల ఒకరిద్దరు ఉపన్యాసం ఇచ్చేటోళ్లు ఉంటరు, ఎక్కువగ మా లెక్క రిటైరైన మగవాళ్లు. వాళ్లను మందలించకు. "జర ఆగండి సారూ, ఈ అక్క ఏమో అనబోయింది" అను. రెండుసార్లు అంటే అర్థమైతది. కుర్చీలు వరుసల వేయకు, గుండ్రంగ వెయ్యి. వరుసల వేస్తే ముందు కూసున్నోడే మాట్లాడుతడు.

ఆడవాళ్లు రావాలంటే ఉట్టిగ పిలిస్తే సరిపోదు. ఇద్దరు ముగ్గురు కలిసి వచ్చేటట్టు చూడు, చిన్నపిల్లలను తోలుకొస్తే కూసోబెట్టే తావు చూడు, గ్రంథాలయంల బాత్రూం నడుస్తుందా లేదా చూడు. ఈ చివరిది చిన్న ముచ్చట అనుకోకు, చాన మంది రాకపోయేది దాని కోసమే. చాయ్ పెట్టుడు ఆడవాళ్ల మీద వెయ్యనియ్యకు. బయట హోటల్ నుంచి తెప్పియ్యి, పైసలు అందరు వేసుకోండి.

బతుకమ్మకు ముందు ఒక నెల వాళ్లతోనే ఒక పని చేపియ్యి. అమ్మ నుంచి, అవ్వ నుంచి వచ్చిన బతుకమ్మ పాటలు ఒక నోటుబుక్కుల రాపియ్యి. రాయడం రానోళ్లు పాడితే కాలేజీ పిల్లలు రాసుకోవాలె. ఒకే పాట ఒక ఊర్ల ఒక తీరుగ, పక్క ఊర్ల ఇంకో తీరుగ ఉంటది. ఏది సరైనది అని తేల్చకండి, రెండూ రాయండి, ఊరి పేరు పక్కన పెట్టండి. పండుగ అయినంక ఆ నోటుబుక్కును గ్రంథాలయం అల్మారల పెట్టండి.

పరకాల కాబట్టి నీకు ఇంకో బాధ్యత ఉన్నది బిడ్డా. 1947 సెప్టెంబర్ 2న, ఇంక నిజాం పాలననే ఉన్న మీ ఊర్ల, జాతీయ జెండా ఎగరేయనికి పోయినోళ్ల మీద నిజాం పోలీసులు తుపాకులు పేల్చిండ్రు. ఆ రోజు పానం పోయినోళ్ల గుర్తుకు 2003ల అమరధామం కట్టిండ్రు, అందరు పోయి చూస్తరు. అప్పుడు పదేండ్ల పిల్లలైనోళ్లు ఇప్పుడు తొంభైకి దగ్గర పడ్డరు. వాళ్లు గిన చుట్టుపక్కల ఊర్లల్ల ఉంటే, ఇంటికి పోయి వినండి. ఆ రోజు చూడకున్నా, ఇంట్ల పెద్దలు చెప్పుకోంగ విన్నోళ్లు సుత ఉంటరు. ఫోన్ల రికార్డ్ చేసుకోండి, కానీ అంతటితోని వదిలిపెట్టొద్దు, ఫోన్ పోతే ముచ్చట పోతది. కాగితం మీద ఎక్కించి, మల్ల వాళ్లకే చదివి వినిపియ్యండి, వాళ్లు దిద్దమన్న కాడ దిద్దండి. తారీఖు తప్పు చెప్పినా, వాళ్లతోని వాదం పెట్టుకోకండి. చెప్పింది చెప్పినట్టు రాసి, పక్కన పెన్సిల్‌తోని గుర్తు పెట్టండి. చూసింది వేరు, విన్నది వేరు, ఏది ఏదో విడిగ రాయండి. ఏడాదికొకసారి సెప్టెంబర్ 2న ఆ కాగితాలు బైఠక్‌ల పైకి చదవండి. నువ్వు ఒక్క ఈ పని చేసినా, ఆ గ్రంథాలయం పెట్టినందుకు ఫలితం దక్కినట్టే.

ఏడాదికొకసారి బయటికి సుత పోండి. రామప్ప దగ్గర్నే కద. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి 1213 శాసనం గురించి ముందు వారం చదువుకొని, తర్వాత ఆ గుడి ఉన్న పాలంపేట పోయి ఆ రాయి ముందట నిలబడి చూడండి. 2021ల యునెస్కో గుర్తింపు వచ్చినంక జనం పెరిగిండ్రు, సెలవు రోజు కాకుంట చూసుకో.

వద్దన్నవి రెండు చెప్త. ముఖ్య అతిథులు, శాలువాలు, ఫ్లెక్సీలు వద్దు. ఒక్కసారి వేదిక వేసినవంటే బైఠక్ సభ అయితది, సభ అయినంక పుస్తకం మూలకు పడ్తది. అధ్యక్షుడు, కార్యదర్శి పదవులు సుత వద్దు. పదవి ఉన్నకాడ పంచాయితీ ఉంటది. వాట్సాప్ గ్రూప్ పెట్టుకోండి గానీ, అందుల టైము, కథ పేరు తప్ప ఇంకేం పెట్టనియ్యకు.

నాట్ల కాలంల, పత్తి ఏరే రోజుల్ల, మేడారం జాతర వచ్చిన మాఘంల మంది రారు. అప్పుడు దిగులు పెట్టుకోకు. ఇద్దరే వస్తే ఇద్దరే చదువుకోండి, తలుపు మాత్రం ఆ టైముకు తెరిచి ఉండాలె. తిరిగి వచ్చినోళ్లకు బైఠక్ ఉన్నదా ఆగిపోయిందా అన్న అనుమానం రావొద్దు.

దరఖాస్తుల మూడు ముచ్చట్లు రాయి: ఏ రోజు, ఎంతసేపు, గ్రంథాలయానికి ఖర్చు ఏం లేదని. లైట్ల గురించి సుత అడుగు. మీ వరండాల ఉన్న ఒక్క ట్యూబ్‌లైట్ కింద అరవై దాటినోళ్లకు అక్షరం కనిపించది, ఇంకో రెండు పెట్టియ్యాలె. సర్కారు పెట్టకుంటే ఆ ఖర్చు నేను భరిస్త. మొదటి ఆదివారం తారీఖు ఖాయం కాంగనే ఫోన్ చెయ్యి, పెద్దక్షరాల కథల పుస్తకాలు నా దగ్గర ఉన్నయి, బస్సుల వేసుకొని వస్త.

మీ పెద్దబాపు