డ్రగ్ టెస్ట్ సంగతి తర్వాత, ముందు ఆ మాత్రలు ఒక్కసారిగా ఆపకండి

ప్రశ్న: నా వయసు 34. మాది విశాఖపట్నం. ఆయిల్ ట్యాంకర్ షిప్‌లో ఏబీగా (ఏబుల్ సీమన్, అంటే డెక్ మీద పనిచేసే నావికుడిగా) పనిచేస్తున్నాను. ఇకపై షిప్‌లో ముందుగా చెప్పకుండా యూరిన్ డ్రగ్ టెస్ట్‌లు చేస్తామని కంపెనీ మెయిల్ పెట్టింది. నాకు గంజాయి లాంటి అలవాట్లేవీ లేవు. కూరలో గసగసాలు తిన్నా పాజిటివ్ వస్తుందంటున్నారు, నిజమేనా? నడుం నొప్పికి ట్రమడాల్, నిద్రకు ఆల్ప్రజోలమ్ రెండేళ్లుగా వేసుకుంటున్నాను. తెలిసిన షాపులో ఇస్తారు. జాయినింగ్‌కు వారం ముందు ఆపేస్తే చాలా?

జవాబు: గసగసాల వల్ల మూత్రంలో మార్ఫిన్ కనిపించే మాట నిజమే. అందుకే అమెరికా ప్రభుత్వ పరీక్షల్లో పాజిటివ్‌గా లెక్కించే హద్దును 1998లో మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచారు. మీ కంపెనీ ఏ హద్దు పాటిస్తుందో అడగండి. జాయినింగ్ ముందు కొన్నాళ్లు మసాలాలో గసగసాలు వేయొద్దని ఇంట్లో చెప్పండి.

నన్ను కంగారు పెట్టింది మీ చివరి ప్రశ్న. రెండేళ్లుగా వాడుతున్న ఆల్ప్రజోలమ్‌ను దయచేసి ఒక్కసారిగా ఆపకండి. చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, విపరీతమైన ఆందోళన, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. ట్రమడాల్ వల్ల కూడా ఫిట్స్ వచ్చే అవకాశం ఉంది. నడిసముద్రంలో ఫిట్స్ వస్తే దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటుంది? ఈ మందుల డోసు డాక్టర్ చూస్తుండగా వారాలు, ఒక్కోసారి నెలల తరబడి తగ్గించుకుంటూ రావాలి. అలాగని ఇలాగే వేసుకుంటూ వాచ్‌లో (షిప్ నిఘా డ్యూటీలో) నిలబడటమూ ప్రమాదమే. రెండూ కలిస్తే మగత పెరుగుతుంది, ఊపిరి కూడా మందగించవచ్చు.

ఇవి రెండూ షెడ్యూల్ హెచ్1 మందులు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, మీరు కొనకూడదు. షాపువాళ్లు తెలిసినవాళ్లైనంత మాత్రాన మీ నడుం పరీక్షించలేరు కదా! రెండేళ్లుగా నొప్పి ఉంటే దాని కారణం ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదన్నమాట. సాధారణంగా స్క్రీనింగ్‌లో ఏదైనా తేలితే ల్యాబ్‌లో మళ్లీ ఖరారు చేసుకుని, ఏ మందులు వాడుతున్నారో, ఎవరు రాశారో అడుగుతారు. చూపించడానికి మీ దగ్గర చీటీ లేదు. పైగా గల్ఫ్ దేశాల్లో ట్రమడాల్‌పై గట్టి నియంత్రణ ఉంది, బ్యాగులో దొరికితే కేసు కావచ్చు.

మిమ్మల్ని చూడకుండా డోసు చెప్పలేను. ఈ వారంలోనే సైకియాట్రిస్టును, ఆర్థోపెడిక్ డాక్టర్‌ను కలవండి. జాయినింగ్ మెడికల్‌లో ఈ మందుల సంగతి దాచకండి. అవసరమైతే జాయినింగ్ వాయిదా వేసుకోండి. ఈలోగా మందు అయిపోయి వణుకు, అయోమయం, ఫిట్స్ లాంటివి కనిపిస్తే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.