విక్రాంత్‌ను తుక్కుకి అమ్మేశారు, కుర్సురా మాత్రం ఎలా మిగిలింది?

ముఖ్య కారణం నీళ్లు. 1997లో రిటైరైన విమానవాహక యుద్ధనౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్‌ను ముంబైలో నీళ్లలోనే ఉంచి మ్యూజియంగా నడిపారు. ఉప్పునీరు ఉక్కుని ఊరికే వదలదు. అడుగు భాగానికి మరమ్మతు చేయాలంటే అంత పెద్ద ఓడని డాక్‌కి చేర్చాలి, అదంతా కోట్లతో పని. భద్రత లేదని 2012లో సందర్శకుల్ని ఆపేశారు, 2014లో వేలంలో సుమారు 60 కోట్లకు అమ్మేశారు. ఆ లోహంలో కొంత చివరికి బజాజ్ బైకుల్లోకి వెళ్లింది!

విశాఖలో కుర్సురా సబ్‌మెరైన్‌ని 2002లో ఏకంగా ఆర్కే బీచ్ ఒడ్డుకి లాగి, కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టి మ్యూజియం చేశారు. సముద్రపు గాలికి తుప్పు తప్పదు, రంగులు వేస్తూనే ఉండాలి. కానీ మునిగిపోతుందన్న టెన్షన్ లేదు. పైగా 91 మీటర్ల సబ్‌మెరైన్ ఎక్కడ, 200 మీటర్లు దాటిన విక్రాంత్ ఎక్కడ!

కుర్సురా లోపల గుండ్రటి ద్వారాల్లోంచి నడుం వంచి దూరాలి. మనిషి పట్టీపట్టనట్టుండే బెర్తులు, గోడల నిండా వాల్వులు, పైపులు. నేవీలో చేసి రిటైరైనవాళ్లే గైడ్లుగా ఉంటారు. నన్నడిగితే, సగం చరిత్ర వాళ్ల మాటల్లోనే ఉంది.