ఇన్సులిన్ పంపు ఉన్నా భోజనమైన గంటకి షుగర్ 280 ఎందుకు వెళ్తోంది?

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. టైప్ 1 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారవని రకం, పంపు పెట్టి మూడు నెలలు. మధ్యాహ్నం అన్నానికి ముందు 120 ఉంటే గంటంపావుకి 280 చూపిస్తోంది, నాలుగు గంటలకి మళ్లీ 115కి వచ్చేస్తోంది, డోసు పెంచితే సాయంత్రం శ్రీకాకుళం నుంచి ఊరికి వెళ్లే బస్సులోనే షుగర్ మరీ పడిపోయి లో అయిపోతోంది, ఇంత డబ్బు పోసి పంపు కొన్నాక కూడా ఇంతేనా అని ఇంట్లో అడుగుతున్నారు అన్నావు. నాది విజయనగరం. పంతొమ్మిదో ఏట నాకు టైప్ 1 వచ్చింది, ఇప్పుడు 41, పంపు మీద ఇది ఏడో సంవత్సరం. నీ అంకెలు నా మొదటి ఏడాది నోట్‌బుక్‌లోంచి తీసి రాసినట్టే ఉన్నాయి.

నాలుగు గంటలకి 115కి దిగుతోందంటే నీ డోసు దాదాపు సరిపోతున్నట్టే. తప్పు టైమ్‌లో ఉంది. అన్నం ముందు పరుగెత్తేస్తోంది, ఇన్సులిన్ వెనక బయల్దేరుతోంది. దానికి డోసు పెంచితే వెనకొచ్చేది ఇంకా ఎక్కువగా వస్తుంది, అందుకే సాయంత్రం లో. నాకు ఇది అర్థం కావడానికి ఏడాది పట్టింది, నీకు అంత పట్టకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

పంపు పెట్టగానే ఇన్సులిన్ వెంటనే పనిచేస్తుందని మనందరం అనుకుంటాం. పంపులో ఉండేది కూడా పెన్నులో వేసుకునే ఆ రాపిడ్ ఇన్సులినే, లిస్‌ప్రో అయినా అస్పార్ట్ అయినా. బొడ్డు పక్కన చర్మం కిందే పడుతుంది. అక్కడ దాని అణువులు ఆరేసి కలిసి గుంపుగా ఉంటాయి, అవి విడిపోయాకే రక్తంలోకి వెళ్తాయి. పని మొదలవడానికి పది ఇరవై నిమిషాలు, గట్టిగా పనిచేసేది గంట నుంచి రెండు గంటల మధ్య, పూర్తిగా దిగిపోవడానికి నాలుగైదు గంటలు. మనం తినే తెల్లన్నం మాత్రం అరగంటలోనే షుగర్‌ని పైకి తోసేస్తుంది. పంపు వల్ల మనకి దొరికేది సన్నగా, కొలతగా, గంటకో రకంగా ఇచ్చుకునే వీలు. చర్మం కింద వేగం మాత్రం పెన్నుతో ఎంతో పంపుతో కూడా అంతే.

కాబట్టి నేను మొదట మార్చింది ఒక్కటే, బోలస్, అంటే భోజనానికిచ్చే డోసు, నొక్కే సమయం. కంచం ముందు కూర్చుని నొక్కేదాన్ని, దాన్ని పదిహేను ఇరవై నిమిషాలు ముందుకి జరిపాను. పప్పు పోపు పెట్టేటప్పుడు నొక్కేస్తాను, అన్నం వార్చి, కంచాలు పెట్టి, పిల్లల్ని పిలిచేసరికి టైమ్ అయిపోతుంది. అదే అన్నం, అదే డోసు, 270 వెళ్లేది 190 దగ్గర ఆగింది. తినడం మొదలుపెట్టాక గంట, రెండు గంటల మధ్య 180 దాటకుండా ఉంటే మంచిదని మాకు చెప్పేవారు, మొదటిసారి 176 చూసిన రోజు మీటర్ తీసుకెళ్లి అమ్మకి చూపించాను.

తినేముందు షుగర్ ఎంతుందో చూడకుండా ఈ వెయిట్ చెయ్యడం ప్రమాదం. 100 నుంచి 140 మధ్య ఉంటే నేను పదిహేను ఇరవై నిమిషాలు ఆగుతాను. 200 పైన ఉంటే అరగంట. 80 కంటే తక్కువుంటే అస్సలు ఆగను, రెండు ముద్దలు తినేసి అప్పుడు నొక్కుతాను. ఇవి నా ఒంటికి కుదిరిన అంకెలు, నీవి మీ డాక్టర్‌తో కూర్చుని తేల్చుకో.

ఇంకో సంగతి, ఇది అనుభవించి చెబుతున్నాను. బొబ్బిలిలో మా చిన్నాన్న కూతురి పెళ్లి. భోజనాలకి రమ్మన్నారు కదా అని చేతులు కడుక్కునే చోటే నిలబడి 80 గ్రాముల కార్బ్స్‌కి (పిండిపదార్థాలకి) ఎనిమిది యూనిట్లు నొక్కేశాను, అప్పుడు 108 ఉంది. లోపలికి వెళ్లేసరికి పెళ్లికొడుకు తరఫు వాళ్లతో బంతి నిండిపోయింది. తర్వాతి బంతికి నలభై నిమిషాలు. గోడకి ఆనుకుని నిలబడ్డాను, మెడ వెనక చెమట, ఎదురుగా ఉన్న అరిటాకుల పచ్చదనం తప్ప ఇంకేమీ కళ్లకి సరిగ్గా ఆనలేదు. వంటల దగ్గరున్న ఒక పెద్దావిడ నా మొహం చూసి ఏమ్మా అలా ఉన్నావని అడిగి, చెంబులో పంచదార నీళ్లు కలిపి తెచ్చింది. మీటర్‌లో 58. పంపు ఆపొచ్చు, కానీ ఒంట్లోకి వెళ్లిపోయిన ఎనిమిది యూనిట్లని ఎవరూ వెనక్కి తియ్యలేరు. అప్పటినుంచి పెళ్లిళ్లలో, గుడి అన్నదానాల్లో ఆకులో అన్నం పడ్డాకే నొక్కుతాను, ఆ పూట 230 వెళ్లినా పర్వాలేదనుకుంటాను. జేబులో గ్లూకోజ్ పొడి ప్యాకెట్ ఉండాల్సిందే. 70 కంటే దిగితే పదిహేను గ్రాములు, అంటే మూడు నాలుగు చెంచాలు, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ టెస్ట్.

టైమ్ తర్వాత చూడాల్సింది కొలత. అన్నం కంటితో కొలవకు. నేను చాలాకాలం యాభై గ్రాముల కార్బ్స్ అనుకుని కొట్టేదాన్ని. ఒకరోజు వంటింటి డిజిటల్ కాటా మీద కంచం పెట్టి, అమ్మ వడ్డించే గరిటెతో మూడు గరిటెలు వేస్తే 240 గ్రాముల అన్నం వచ్చింది. వండిన అన్నం నూరు గ్రాముల్లో దాదాపు 28 గ్రాముల కార్బ్స్ ఉంటాయి, అంటే 67. నా లెక్క పది గ్రాములకి ఒక యూనిట్, నేను ఇచ్చేది ఐదు, కావాల్సింది ఆరున్నర పైన. వారం రోజులు తూచి చూడు, తర్వాత మీ ఇంటి గరిటె నీకు అలవాటైపోతుంది.

మనవైపు చోడి (రాగి) అంబలి తాగితే షుగర్ పెరగదని పెద్దవాళ్లు గట్టిగా నమ్ముతారు. మా అత్తగారు నాకు ప్రేమగా రోజూ పొద్దున్న ఇచ్చేవారు. చోడిపిండి నూరు గ్రాముల్లో కూడా డెబ్భై గ్రాముల దాకా పిండిపదార్థమే, పైగా జావగా కాచితే గొంతు దిగినంత వేగంగా రక్తంలోకి వెళ్తుంది. నాకు అన్నం కంటే అంబలికే త్వరగా పెరిగేది. మానెయ్యక్కర్లేదు, అన్నానికి లెక్క కట్టినట్టే దానికీ కట్టాలి, ఇంకాస్త ముందు నొక్కాలి. పొద్దున్న పూట ఇన్సులిన్ మామూలుగానే మొండికేస్తుంది, ఇడ్లీకి రేషియో, అంటే ఎన్ని గ్రాముల కార్బ్స్‌కి ఒక యూనిట్ అన్న లెక్క, మధ్యాహ్నం కంటే గట్టిగా ఉండాల్సి రావచ్చు.

బిర్యానీ, పూరీ లాంటి నూనెవి తిన్నప్పుడు మాత్రం దీనికి తిరగబడుతుంది. షుగర్ నెమ్మదిగా మొదలై మూడు నాలుగు గంటల తర్వాత ఎక్కుతుంది. అప్పుడు పంపులో బోలస్‌ని రెండు ముక్కలు చేసే ఆప్షన్ వాడు, కొంత ఇప్పుడు, మిగతాది రెండు మూడు గంటల్లో మెల్లగా. పెన్నుతో ఇది కుదరదు, పంపుకి పెట్టిన డబ్బు నాకు తిరిగొచ్చినట్టు అనిపించేది ఇక్కడే.

గంటకి 280 చూసి టెన్షన్‌తో మళ్లీ రెండు యూనిట్లు కొడుతున్నావా? నీ సాయంత్రం లోలకి అదీ ఒక కారణం కావచ్చు. మొదటి డోసు ఇంకా సగం పైగా ఒంట్లోనే ఉంటుంది. పంపు దాన్ని లెక్కలోంచి తీసేసి చెబుతుంది, ఆ మాట విను, చేత్తో అంకె మార్చకు. ఇన్సులిన్ ఒంట్లో ఉండే సమయం పంపులో ఎంత పెట్టారో కూడా అడుగు. రెండు గంటలని ఉంటే అది అయిపోయిందనుకుని మళ్లీ ఇమ్మంటుంది.

సెట్, అంటే పంపు నుంచి చర్మం కిందికి వెళ్లే సన్న గొట్టం, దాని ప్లాస్టర్, రెండు మూడు రోజులకి మార్చాలి, ఒకే చోట పెట్టకూడదు, గట్టిగా గడ్డలా తగిలే చోట ఇన్సులిన్ సరిగ్గా ఎక్కదు. ఒక మే నెలలో చెమటకి నా ప్లాస్టర్ ఊడి, సన్న గొట్టం మడతపడింది, నిద్రలో తెలియలేదు, తెల్లారేసరికి 390, వాంతులు. పంపులో లాంగ్ యాక్టింగ్, అంటే రోజంతా నిలిచే ఇన్సులిన్, ఉండదు కాబట్టి పంపు ఆగిన కొద్ది గంటల్లోనే కీటోన్లు, అంటే ఇన్సులిన్ లేక ఒళ్లు కొవ్వుని కరిగించినప్పుడు పుట్టే ఆమ్లాలు, మొదలవుతాయి. ఇప్పుడు 250 పైన ఉండి, దించడానికి కరెక్షన్ డోసు ఇచ్చినా గంటన్నరకి దిగకపోతే, ఇంకేమీ ఆలోచించను, పెన్నుతో వేసుకుని, సెట్ మార్చి, కీటోన్లు చూసుకుంటాను. కీటోన్లు ఉండి వాంతులు కూడా అవుతుంటే ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లిపో.

ముందు మూడు రోజులు మధ్యాహ్నం ఒకేరకం భోజనం తిను, డోసు కదపకు, టైమ్ ఒక్కటే ఐదేసి నిమిషాలు ముందుకి జరుపుతూ తినేముందు, గంటకి, రెండు గంటలకి, నాలుగు గంటలకి రాసుకో. కాలేజీ రోజుల్లో, బస్సు ఎక్కాల్సిన రోజుల్లో వద్దు. వచ్చే సెలవుల్లో, మధ్యాహ్నం పూట, అన్నం ఉడికిపోయి గిన్నెలో సిద్ధంగా ఉన్నాక, అమ్మ పక్కనున్నప్పుడు మొదలుపెట్టు.