తోటపనికి ముందూ వెనకా

చిరంజీవి లావణ్యకు మేనత్త ఆశీస్సులు.

మిద్దెతోట పెట్టాక నడుం పట్టేస్తోందనీ, యోగాకీ తోటకీ రెంటికీ టైం చాలక ఏదో ఒకటి మానేస్తాననీ అన్నావట, మీ అమ్మ చెప్పింది. ఏదీ మానొద్దు. పొద్దున ఒక గంటలో రెండూ సాగుతాయి. అయితే తోటపనే యోగా అనుకోకు. కలుపు తీసినా, నారు నాటినా, కుండీ మార్చినా ఒళ్లు ముందుకే వంగుతుంది, పనంతా కుడిచేతి మీదే పడుతుంది. ఆ బిగుతు వదిలించుకోవడానికే నీకు ఆసనాలు కావాలి.

పరగడుపున మేడెక్కి ముందు మార్జాలాసనం వెయ్యి. చేతులూ మోకాళ్లూ నేలకానించి, ఊపిరి పీలుస్తూ నడుం కిందికి దించి తలెత్తు. ఊపిరి వదులుతూ వీపును పైకి గుండ్రంగా లేపు. రాత్రంతా బిగుసుకున్న నడుంతో లేస్తూనే మట్టి బస్తా ఎత్తితే పట్టెయ్యక ఏం చేస్తుంది? తర్వాత తాడాసనం, అంటే చేతులు పైకి చాచి నిటారుగా నిలబడడం. పందిరి మీద బీరకాయ కోసేటప్పుడు అదే పనికొస్తుంది.

అసలు చిక్కంతా కలుపు దగ్గరే. నువ్వు కాళ్లు బిగబట్టి నిలబడి నడుం దగ్గర వంగుతావు, పోయినసారి వచ్చినప్పుడు చూశాను. అలా వద్దమ్మా. మలాసనం వెయ్యి, అదే మన గొంతుక్కూర్చోవడం. పాదాలు కాస్త ఎడంగా పెట్టి మడమలు నేలకానించాలి. ఆనకపోతే వాటి కింద గోనెసంచి మడిచి పెట్టుకో. కుండీని మోకాళ్ల మధ్యకు లాక్కో, దూరం నుంచి చేతులు చాచకు. రెండు కుండీలకోసారి లేచి నిలబడు. ఒక కుండీ కుడిచేత్తో చేస్తే ఇంకోటి ఎడంచేత్తో. మొదట్లో విసుగేస్తుంది, అయినా మానకు. మోకాళ్లు నొప్పెడితే మాత్రం మలాసనం జోలికి పోక పీట వేసుకో.

పది లీటర్ల బకెట్టంటే పది కిలోల బరువు. దాన్ని ఒక చేత్తో మొయ్యకుండా చెరో చేతికీ ఐదు లీటర్లు పట్టుకో. గ్రో బ్యాగ్, అదే మొక్కలు పెంచే మట్టి సంచి, జరపాలంటే నీళ్లు పొయ్యకముందే జరుపు. మట్టీ కోకోపీటూ (కొబ్బరిపీచు పొడి) కలిపిన రోజు, వేపనూనె కొట్టిన రోజు ప్రాణాయామం మేడమీద వద్దు, కిందికొచ్చి హాల్లో చేసుకో.

పనయ్యాక చేతులు కడుక్కుని వెంటనే కిందికి దిగిపోకు, ఒళ్లు వెనక్కి వంచే ఆసనాలు అప్పుడే చెయ్యాలి. బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తే భుజంగాసనం, వెల్లకిలా పడుకుని నడుం పైకెత్తే సేతుబంధాసనం, చివర్న కాసేపు శవాసనం. చాప పొడిచోటే పరుచుకో, తడి మేడ మీద జారుతుంది. నొప్పి కాల్లోకి పాకినా, తిమ్మిరెక్కినా ఆసనాలు ఆపేసి డాక్టరుకు చూపించు.

మృగశిర కార్తెకి వెయ్యడానికి సొర, బీర గింజలు మీ అమ్మతో పంపుతున్నాను. కొత్త మట్టి బస్తాలొస్తే ఒక్కదానివే మొయ్యకు, మీ ఆయన్ని పిలువు.

ఇట్లు
మీ అత్త